సెలవునాటి దిగులు - కాయక దాసోహ దృష్టి

గుంటూరు మిరపకాయల యార్డు సోమవారము మొదలు శుక్రవారము వరకు తిరునాళ్లవలె ఉండును. తెల్లవారకముందే టిక్కీలతో నిండిన లారీలు, ట్రాక్టర్లు బారులు తీరును. కాయ ఘాటునకు దగ్గుచు, తుమ్ముచు, కండ్లు తుడుచుకొనుచు రైతులు, కమీషను కొట్ల గుమాస్తాలు, కాటా వేయువారు, ముఠా కూలీలు, ఎగుమతి వర్తకులు ఒకరినొకరు రాసికొనుచు తిరుగుదురు. శని, ఆదివారములలో ఆ యార్డు మూతపడును. వేసవి నడుమ సుమారొక నెల దినములు యార్డు మొత్తమునకే సెలవు. ఎర్రని కాయ తునకలు రాలిన ఆవరణలో అప్పుడు పిచ్చుకల చప్పుడు తప్ప వేరొకటి వినరాదు.

ఐదు దినములు బస్తాల క్రింద వంగిన వీపునకు ఆ రెండు దినములు వరము కావలెను. పలువురకు అట్లే అగుచున్నది. కాని కొన్ని యిండ్లలో వేరొక దృశ్యము కనబడును. వారమంతయు చలాకీగా లెక్కలు వ్రాసిన గుమాస్తా ఆదివారము ప్రొద్దెక్కువరకు లేవడు. లేచినను మంచము దిగడు. పిల్లలు పలుకరించిన విసుగుకొనును. మధ్యాహ్నము భోజనము చేసిన పిమ్మట గుండెపై రాయి పెట్టినట్లుండును. ఏమైనదని భార్య యడిగిన "ఏమియు లేదు" అనును. సోమవారము తెల్లవారగానే ఆ రాయి ఎక్కడికో పోవును. మరల శనివారము సాయంత్రము వచ్చి కూర్చుండును.

ఈ దిగులు అతడొక్కనిదే కాదు. అమెరికాలో నున్న కుమారుడు వారమునకొకసారి ఆదివారము ఉదయమున మాటలాడునని ఫోను ప్రక్కనే కూర్చుండు వృద్ధ దంపతులకు, ఆ పది నిమిషములు ముగిసిన తరువాత మిగిలిన దినమంతయు శూన్యముగ తోచును. వసతి కళాశాలలో ఇంటర్మీడియెట్ చదువు బాలునకు, తోటివారి తల్లిదండ్రులు వచ్చి పోవుచుండగా తన వారు రాని ఆదివారము యుగమువలె నడచును. ప్రత్తి తీత, మిరపకోత ముగిసి, నల్లరేగడి నేల నెర్రెలు విచ్చిన మే నెలలో చేతిలో పనిలేని రైతునకు అరుగుమీద కూర్చున్నంతసేపును అప్పుల లెక్కయే కన్నులయెదుట తిరుగుచుండును.

ఇది సోమరితనమా? భక్తిలోపమా? వ్యాధియా? ఈ మూడు ప్రశ్నలకు శరణుల జీవితములు, వైద్యుల అనుభవము రెండును కలసి యేమి చెప్పునో పరిశీలించుటయే ఈ పాఠము ప్రయోజనము.

1. దినమునకు దోషము లేదు

దినములలో మంచివియు చెడ్డవియు వేరుగా లేవని బసవేశ్వరుని ఉపదేశము. తిథి, వారము, నక్షత్రము చూచి భయపడు లోకమునకు, శివశరణులు ఇంటికి వచ్చిన వేళయే శుభవేళ యని ఆయన బోధించెను. కావున ఆదివారము మనస్సును క్రుంగదీయునను మాటలో వారమునకు గల దోషము లేదు. ఆ దినమున మానవుడు దేనితో తన్ను నింపుకొనుచున్నాడనునదే విచారింపవలసిన విషయము.

వారమునకొక విశ్రాంతి దినము లభించుట ఊరక జరిగినది కాదు. బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వమున ఏండ్ల తరబడి అడుగగా 1890లో వారికి ఆదివారపు సెలవు దక్కినది. స్వాతంత్ర్యానంతరము 1948 నాటి కర్మాగారముల చట్టము వారమునకొక సెలవును కార్మికుని హక్కుగా చేసినది. నేడు గుంటూరు, చిలకలూరిపేట ప్రాంతములలోని నూలు మిల్లుల పనివారు అనుభవించు సెలవు వెనుక ఇంత శ్రమ కలదు. కన్నడ దేశపు పెక్కు పల్లెలలో సోమవారమున ఎద్దులకు కాడి కట్టక విశ్రాంతి నిచ్చు ఆచారము కలదు. నోరులేని నందికే విశ్రాంతి నిచ్చిన సంప్రదాయము మానవునికి విశ్రాంతి వలదని చెప్పదు. విశ్రాంతి తప్పు కాదు. విశ్రాంతిని శూన్యముగా మార్చుకొనుట వలననే బాధ కలుగుచున్నది.

2. దిగులు ఎక్కడినుండి వచ్చును?

ఈ బాధ క్రొత్తదియు కాదు, తెలుగువారికి మాత్రమే కలిగినదియు కాదు. బుడాపెస్టు నగరమున మానసిక చికిత్స చేసిన శాండర్ ఫెరెంజీ అను వైద్యుడు, కొందరు రోగులకు తలనొప్పి, కడుపునొప్పి, దిగులు ఆదివారమునాడే వచ్చుచుండుట గమనించి 1919లోనే ఒక వ్యాసము ప్రకటించెను. నాజీల నిర్బంధ శిబిరములనుండి బ్రతికి బయటపడిన వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ తన ప్రసిద్ధ గ్రంథమున ఈ ఆదివారపు మనోవ్యథను ప్రత్యేకముగ ప్రస్తావించెను. వారమంతటి హడావుడి ఆగిపోయినప్పుడు, తన బ్రదుకున అర్థము లేదను వెలితి మనుష్యునకు తెలియవచ్చుననియు, అదియే ఆ వ్యథకు మూలమనియు ఆయన అభిప్రాయము. ఏటి నీరు తగ్గినప్పుడు అడుగుననున్న రాళ్లు బయటపడినట్లు, పనుల వెల్లువ తగ్గినప్పుడు మనస్సు లోతునగల లోటులు పైకి తేలును. సెలవు ఆ రాళ్లను పుట్టించలేదు, చూపినదంతే.

దీనికి తోడు దేహ సంబంధమైన కారణములును కలవు. దేహములో నిద్రను, ఆకలిని, ఉత్సాహమును నడుపు గడియారమొకటి కలదనియు, అది ఉదయపు వెలుతురును బట్టి తన్ను సరిచేసికొనుచుండుననియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ గడియారము పనిచేయు విధమును శోధించిన ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో వైద్యమున నోబెల్ బహుమతి లభించినది. శనివారము రాత్రి ఒంటిగంట వరకు సెల్‌ఫోను చూచి, ఆదివారము తొమ్మిదింటికి లేచువాడు వారమునకొకసారి ఆ గడియారమును త్రిప్పివేయుచున్నాడు. ఆకలి వేళకు ఆకలి కాదు. నిద్ర వేళకు నిద్ర రాదు. సోమవారము బరువెక్కిన తలతో లేచును.

మూడవ కారణము ఒంటరితనము. పని కొట్టులో పదిమంది పలుకరింతురు. ఇంటిలో నలుగురు ఉన్నను నాలుగు తెరలయెదుట నలుగురు కూర్చున్నచో ఎవరికెవరును లేనట్లే. నాల్గవది నిజమైన కష్టము: అప్పు, అనారోగ్యము, ఆప్తుల మరణము. వారమధ్యమున పని దానికి మూత వేసి యుంచును. సెలవునాడు ఆ మూత తొలగును.

3. మారయ్య, లక్కమ్మల కథ

పని ఆగిన దినమును గురించి శరణుల చరిత్రలో ఒక చక్కని కథ కలదు. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతులు కల్యాణ పట్టణమున నివసించిరి. కన్నడమున 'ఆయ్దక్కి' యనగా ఏరిన బియ్యము. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యమును వండి జంగములకు పెట్టి, ప్రసాదమును తాము గ్రహించుట వారి నిత్యవ్రతము.

ఒకనాడు మారయ్య అనుభవ గోష్ఠిలో మునిగి తన కాయకమును మరచెను. ప్రొద్దెక్కినను లేవలేదు. లక్కమ్మ వచ్చి కాయకము నిలచినదని గుర్తుచేసెను. మారయ్య ఉలికిపడి పరుగున పోయి బియ్యమేరి, ఆలస్యమైనదను తొందరలో ప్రతిదినము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ మూటను చూడగానే తెలిసికొనెను. ఈ యధికము మనకెందుకు, ఆశ మనకేల, మిగులు బియ్యమును ఎక్కడ ఏరితివో అక్కడనే పోసి రమ్మని పంపెను. మారయ్య సిగ్గుపడి అట్లే చేసెను.

ఈ కథలో సెలవు దినమునకు పనికివచ్చు పాఠములు రెండు కలవు. మొదటిది, చేతిపని మానివేసి మాటలలో, అవి ఎంత మంచి మాటలైనను, దినమును గడుపరాదనుట. రెండవది మొదటిదానికంటె సూక్ష్మమైనది. పని లేని వెలితిని మరింత సంపాదనతో పూడ్చరాదనుట. ఆదివారము దిగులుగా నున్నదని, ఆ దినమున గూడ కొట్టు తెరచి, లెక్కలు ముందువేసికొని కూర్చుండు వర్తకుడు మందు త్రాగుచున్నాననుకొనును గాని రోగమునే పెంచుకొనుచున్నాడు. ఏరినదానిలో అధికమును తిరిగి పోయుమనిన లక్కమ్మ మాట అతనికే చెప్పినట్లున్నది.

4. ఉద్యోగము వేరు, కాయకము వేరు

కాయకమే కైలాసమని వీరశైవుల యిండ్లలో పసిబిడ్డకును తెలియును. కాని కాయకమనగా జీతమునకు చేయు పని మాత్రమే యని భావించుటవలన చిక్కు కలుగుచున్నది. శరణుల దృష్టిలో కాయకమునకు మూడు అంగములు కలవు. కాయకష్టముతో పనిచేయుట ఒకటి. ఆ పనియు, దాని ఫలమును నిర్మలముగ ఉండుట రెండవది. ఆ ఫలమును పంచి పెట్టుట, అనగా దాసోహము, మూడవది. దాసోహము చేరనిదే కాయకము పూర్తికాదు. మారయ్య బియ్యమేరుటతో ఆగలేదు. జంగములకు పెట్టిన పిమ్మటనే ఆ దినము పూర్తియైనదని తలచెను.

ఇప్పుడు గుమాస్తా ఆదివారమును మరల చూడవలెను. యార్డు మూతపడుటవలన మొదటి అంగమునకు మాత్రమే సెలవు వచ్చినది. మూడవ అంగమునకు సెలవు రాలేదు. నిజమునకు, వారపు దినములలో దాసోహమునకు సమయము చాలదు. సెలవు దినమే దానికి దొరకిన దినము. అతడు ఆ సంగతి నెరుగక, కాయకమంతయు ఆగిపోయినదనుకొని, తానెవరికిని అక్కరలేనివాడనను భావమున పడుచున్నాడు. ఆ భావమే దిగులు. తన చేతితో ఇంకొకరికి ఒక పూట మేలు జరిగినదని తెలిసిన మనస్సున ఆ భావము నిలువలేదు.

దాసోహమనగా అన్నదానము ఒక్కటియే కాదు. ధనమున్నవాడు ధనమిచ్చును, లేనివాడు కాలమిచ్చును. మంచము పట్టిన పొరుగువాని ప్రక్కన గంటసేపు కూర్చుండి అతడు చెప్పునది వినుట దాసోహమే. చదువురాని తల్లికి పింఛను దరఖాస్తు వ్రాసి పెట్టుట, పదవతరగతి పిల్లవానికి లెక్కలు చెప్పుట, మఠపు బావి గట్టు శుభ్రపరచుట దాసోహములే. 'దాసోహం' అనగా నేను దాసుడనని. 'నేను, నేను' అని తన చుట్టు తిరుగుచున్న మనస్సును ఆ మాట బయటికి నడిపించును.

5. పండితారాధ్యుని దుఃఖము

ఇట్లు చెప్పినంతనే కొందరకు వేరొక బాధ కలుగును. లింగధారియై యుండియు దిగులు పడుట తమ భక్తికి లోపమేమో యని సంకోచింతురు. నోరు విప్పి చెప్పుటకు సిగ్గుపడుదురు. అట్టివారు ఈ నేలమీదనే నడచిన పండితారాధ్యుని స్మరింపవలెను.

పండితత్రయములో నొకడైన మల్లికార్జున పండితారాధ్యుడు పన్నెండవ శతాబ్దివాడు. శివతత్త్వసారమును రచించిన మహాకవి. వెలనాటి ప్రభువుల రాజధానియైన చందవోలులో ఆయన బౌద్ధులతో వాదించిన వృత్తాంతమును పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున విపులముగ వర్ణించెను. ఆ చందవోలు నేటి బాపట్ల జిల్లాలోనిది. 2022లో జిల్లాలు విభజింపబడువరకు గుంటూరు జిల్లాలోనిదే. అక్కడ జరిగిన కలహమున రాజు ఆయన కన్నులు తీయించెననియు, శివానుగ్రహమున చూపు మరల లభించెననియు ఆ కావ్యము చెప్పును.

అంతటి ధీరుడు బసవేశ్వరుని కన్నులార చూడవలెనని కల్యాణమునకు బయలుదేరెను. దారిలోనుండగనే బసవేశ్వరుడు లింగైక్యమందెనను వార్త తెలిసెను. కన్నులు పోయినప్పుడు చలింపని పండితారాధ్యుడు ఈ వార్తకు కుమిలి విలపించెను. ఎదురుచూచిన సమాగమము చేజారినది. పయనమునకు ప్రయోజనమే లేకపోయినది. సోమనాథుడు ఆ శోకమును దాచలేదు, తగ్గించి చెప్పలేదు. గురువు శోకమును శిష్యకోటి వినదగినదిగనే ఆయన తలచెను.

తరువాత జరిగినది గమనింపవలెను. పండితారాధ్యుడు ఆ దుఃఖముతో ఒంటరిగ ఒక మూల కూర్చుండిపోలేదు. పయనము మానలేదు. శివుని కొండయైన శ్రీశైలము వైపు సాగెను. అక్కడనే ఆయన జీవితము శివునిలో కలసెను. దుఃఖము వచ్చుట భక్తిలోపము కాదు. దుఃఖమును మోసికొనుచునే సత్సంగముతో ముందునకు నడచుట భక్తిమార్గము. కుమారుని ఫోను రాని ఆదివారమున కుమిలిపోవు వృద్ధులకు ఈ కథలో ఊరటయు కలదు, దారియు కలదు.

6. సెలవు దినమునకు అయిదు నియమములు

దిగులుతో నున్నవానికి పెద్ద ఉపదేశములు ఎక్కవు. చిన్న నియమములే మేలు.

ఒకటి: లేచు వేళను మార్చరాదు. పనిదినమున అయిదింటికి లేచువాడు సెలవునాడును ఇంచుమించు అదే వేళకు లేవవలెను. అలసట తీరవలెనన్నచో మధ్యాహ్నము అరగంట కునుకు తీయవచ్చును. దినమంతయు మంచముననుండుట విశ్రాంతి కాదు.

రెండు: పూజను ఆ దినమున తొందరలేక చేయవలెను. వారమధ్యమున బస్సు వేళకు భయపడుచు ముగించు పూజకు ఆదివారము తీరిక దొరకును. విభూతి ధరించి, ఇష్టలింగమును ఎడమ అరచేతిలో నిలిపి, దృష్టిని లింగముపై నుంచి, పంచాక్షరిని మెల్లగ జపింపవలెను. మనస్సు అప్పులమీదికో, పాత మాటలమీదికో పరుగెత్తును. పరుగెత్తెనని తన్ను తాను నిందించుకొనరాదు. మేతకు పోయిన దూడను త్రాడుపట్టి తెచ్చినట్లు మరల తేవలెను. పూజ వలన దిగులు వెంటనే మాయమగునని యెవరును మాట ఇయ్యలేరు. కాని దిగులుతో కూర్చుండుటకు ఒక పవిత్రమైన చోటు దొరకును.

మూడు: సంపాదనతో సంబంధము లేని చేతిపని యొకటి చేయవలెను. కొట్టము శుభ్రపరచుట, పాదులు త్రవ్వుట, ఊడిన మంచపు నవారు బిగించుట, పిల్లల పుస్తకములకు అట్టలు వేయుట వంటివి. మనస్సు కుదిరిన పిమ్మట చేయుదమనుకొనువాడు చేయలేడు. చేయగా చేయగా మనస్సు కుదురును.

నాలుగు: ఎవరికైన నొక్కరికి దాసోహము చేయవలెను. పదిమందికి చేయవలెనను సంకల్పము దిగులుగనున్న దినమున భారమగును. ఒక్కరు చాలును. ఎవరికి, ఏ వేళకు అనునది శనివారము రాత్రియే నిశ్చయించుకొనుట మంచిది.

ఐదు: సాయంకాలము ఒంటరిగనుండరాదు. ఆదివారము మధ్యాహ్నము మూడింటినుండి దీపములు పెట్టువరకు గల వేళ మిక్కిలి బరువైనది. ఆ వేళకు మఠమునకో, బంధువుల యింటికో, సాగరు కాలువ గట్టుపై నడకకో తోడుతో పోవలెను. పేకాట, మద్యము ఆ వేళకే మనుష్యుని వెదకికొని వచ్చును. మద్యము దిగులును ఒక గంట కప్పిపుచ్చి, తెల్లవారునప్పటికి రెండింతలుగ తిరిగి యిచ్చును. ఫోనులో ఇతరుల విహారములను, విందులను గంటలకొలది చూచుటయు అట్టిదే.

7. ఇల్లాలికి సెలవు ఎప్పుడు?

ఇంతవరకు చెప్పినది సెలవు దొరకినవారిని గురించి. సెలవే దొరకనివారు ప్రతి యింటను ఒకరున్నారు. ఆదివారము ఇంటిల్లిపాదికి విశ్రాంతి; ఇల్లాలికి రెండింతల పని. ఆలస్యముగ లేచినవారికి వేరు వేరుగ ఫలహారములు, ప్రత్యేక వంటలు, వచ్చిపోవు చుట్టములు, వారమునకు సరిపడు బట్టలుతుకుట. పండుగ వచ్చినచో చెప్పనక్కరలేదు. అందరును తిని నిద్రించుచుండగా వంటింట ఒంటరిగ కూర్చున్న స్త్రీకి కలుగు దిగులును ఎవరును దిగులుగా లెక్కించరు. 'కోపము' అని పేరు పెట్టుదురు.

కాయకమున స్త్రీ పురుష భేదమును శరణులు పాటింపలేదు. మారయ్యకు బుద్ధి చెప్పినది లక్కమ్మ. చెప్పించుకొని మన్నించినవాడు మారయ్య. సెలవునాడు పురుషుడు చేయదగిన మొదటి దాసోహము తన యింటి వంటింటనే కలదు. ఒక పూట వండుట, వడ్డించుట, పాత్రలు తోముట చేసినచో ఇద్దరి దిగులును తగ్గును. ఆమెకు విశ్రాంతి, అతనికి చేతిపని. ఇంతకంటె సులభమైన మందు వేరొకటి లేదు.

8. పరాయి యూరిలో పండుగ

ఇల్లు దాటి చూచినచో, పండుగనాటి ఒంటరితనము ఈ పొలములలోనే మరియొక చోట కనబడును. మిరపకోతకును, ప్రత్తితీతకును కర్నూలు ప్రాంతపు మెట్ట పల్లెలనుండి కూలీలు సంసారములతో సహా గుంటూరు, పల్నాడు, ప్రకాశము ప్రాంతములకు వలస వత్తురు. మిరపకోత ముమ్మరమగునది సంక్రాంతికి అటునిటుగ. ఊరిలో ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెలు. పొలము గట్టున పరదాపట్టాల గుడారములో బడి మానిన పిల్లలు, స్వగ్రామమున విడిచివచ్చిన ముసలి తల్లిదండ్రులను తలచుకొను పెద్దలు.

శరణు ఇంటికి వచ్చిన దినమే శుభదినమన్న బోధ ఇక్కడ పరీక్షకు నిలుచును. పండుగనాడు పొలమున నిలిచి, ఆ సంసారమును పేరుపెట్టి పిలిచి, తమతోపాటు కూర్చుండబెట్టుకొని భోజనము పెట్టిన యింట దిగులు అడుగుపెట్టదు. వచ్చినవాని కులమడుగక మావాడనుమని బసవేశ్వరుడు బోధించినది ఇట్టి సందర్భముల కొరకే. పండుగ వచ్చిన దిగులుగనున్నదనువారు ఒక్కసారి ఆ గట్టువరకు నడచి చూడవలెను.

9. దిగులు వ్యాధియైనప్పుడు

ఇన్ని చెప్పినను ఒక హెచ్చరిక మిగిలియున్నది. సెలవుతో వచ్చి సెలవుతో పోవు దిగులు ఒకటి. పోక నిలచు దిగులు వేరొకటి. రెండు వారములు దాటినను ప్రతిదినము మనస్సు క్రుంగియుండుట, ఇష్టమైన పనులపై కూడ ఆసక్తి నశించుట, నిద్రాహారములు చెడుట, తాను పనికిరానివాడనను తలపు విడువకుండుట, చావును గురించి ఆలోచించుట - ఇవి వ్యాధి లక్షణములు. జ్వరము వచ్చిన వైద్యునికడకు పోవుట ఎట్లు లింగనిష్ఠకు విరుద్ధము కాదో, ఇదియు అట్లే. వైద్యుడు మందు వ్రాసినచో పూజయు మందును రెండును సాగవలెను. ఒకటి రెండవదానికి బదులు కాదు.

ఈ నేలకు ఆ హెచ్చరిక అవసరము ఎక్కువ. 1980వ దశకమున తెల్లదోమ ప్రత్తి చేలను పాడుచేయగా అప్పుల పాలైన రైతులు 1987-88లో గుంటూరు, ప్రకాశము ప్రాంతములలో ఆత్మహత్యలకు ఒడిగట్టిరి. 2021-22లో నల్ల తామరపురుగు మిరపతోటలను నేలమట్టము చేసినది. నష్టము పొలములో జరుగును. అది మనస్సున పడునది పని ముగిసి, యార్డు మూతపడి, వడ్డీలెక్క ఎదుటపడిన వేసవి ఖాళీలోనే. అట్టి రైతుతో "ధైర్యముగ నుండుము, శివుడున్నాడు" అని చెప్పి లేచిపోవుట దాసోహము కాదు. అతని ప్రక్కన కూర్చుండి, అప్పు ఎంత, ఎవరికి, ఎప్పటికి అని కలసి లెక్కవేసి, బ్యాంకునకో, సహకార సంఘమునకో తోడుగ పోవుట దాసోహము. చావును గురించి మాటలాడినచో దానిని తేలికగ తీసికొనరాదు, అతనిని ఒంటరిగ విడువరాదు, పురుగుమందు డబ్బాలను ఇంటినుండి తొలగింపవలెను, నేరుగ అడుగవలెను. అడిగినందువలన ఆ తలపు పుట్టదు, భారము దిగును.

2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము టెలిమానస్ అను ఉచిత సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను, సెలవునాడైనను ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ సంఖ్యను ప్రతి మఠపు గోడమీదను, ప్రతి యింటి పంచాంగముమీదను వ్రాసియుంచుట మేలు.

10. మఠములు చేయదగినది

బసవజయంతి వైశాఖ శుద్ధ తదియనాడు వచ్చును. అది కోతలు ముగిసిన కాలము. యార్డునకు వేసవి సెలవులు వచ్చు రోజులు. పాఠశాలలు మూసియుండు దినములు. చేతులు ఖాళీగనుండి మనస్సులు బరువెక్కు వేళనే ఆ మహాపురుషుని పుట్టినదినము వచ్చుచున్నది. ఆ ఒక్కదినము ఊరేగింపుతో సరిపుచ్చక, అక్కడినుండి ఏరువాక వరకు ప్రతి ఆదివారము సాయంకాలము మఠపు తలుపులు తెరచి అనుభవ గోష్ఠి జరిపినచో ఎందరికో ఆ బరువైన వేళ గడచును. గోష్ఠి యనగా ఒకరు చెప్పి పదిమంది వినుట మాత్రమే కాదు. కల్యాణపు అనుభవ మంటపమున మారయ్యయు మాటలాడెను, లక్కమ్మయు మాటలాడెను. ముఠా కూలీయు, గుమాస్తాయు, రైతును, ఇల్లాలును, విద్యార్థియు ఆ వారము తమకు గడచిన విధమును చెప్పుకొనవలెను. గోష్ఠికి ముందు అరగంట అందరును కలసి మఠ ప్రాంగణమును ఊడ్చి, చివర ఉన్నంతలో ప్రసాదము పంచుకొనవలెను. రానివారి యింటికి ఎవరైన నొకరు పోయి పలుకరించి రావలెను. రానివారికే ఆ పలుకరింపు ఎక్కువ అవసరము.

యార్డు శనివారము మూతపడును, సోమవారము తెరచుకొనును. నడుమ నున్నది దాసోహపు దినము.

మననమునకు

1. గడచిన ఆదివారమున మీ యింట ఎవరికి విశ్రాంతి దొరకినది? ఎవరికి దొరకలేదు?

2. మారయ్య ఎక్కువ బియ్యము తెచ్చుటను లక్కమ్మ ఏల ఒప్పుకొనలేదు? అట్టి 'అధికము' మీ సెలవు దినములలో ఏది?

3. పండితారాధ్యుని శోకమును సోమనాథుడు దాచకుండుటవలన మనకు కలిగిన మేలేమి?

4. రాబోవు శనివారము రాత్రి మీరు నిశ్చయించుకొనదగిన ఆ 'ఒక్కరు' ఎవరు?

శరణు శరణార్థి.